వినేవాళ్ళ కోసం వెతుకులాట: డీఎమ్ఎక్స్ పాటల్లో బాల్యం

2018 మార్చిలో న్యూయార్క్ మన్‌హాటన్‌లోని ఫెడరల్ కోర్టు హాలులో ఒక పాట మోగింది. ముద్దాయి ర్యాప్ గాయకుడు డీఎమ్ఎక్స్. అసలు పేరు ఎర్ల్ సిమన్స్. నేరం పన్ను ఎగవేత. సుమారు 17 లక్షల డాలర్ల పన్ను కట్టకుండా తప్పించుకున్న కేసులో అతను అంతకుముందే నేరం ఒప్పుకున్నాడు. శిక్ష ఖరారు చేసే రోజున అతని న్యాయవాది మరీ రిచ్‌మన్, న్యాయమూర్తి జెడ్ రేకాఫ్ అనుమతితో, 1998 నాటి ‘స్లిప్పిన్’ పాటను సభికులందరికీ వినిపించాడు. తల్లితో పడని ఇల్లు, అనాథల్లా పిల్లలు పెరిగే సంస్థలు, మత్తుమందు, జైలు – ఇవన్నీ ఆ పాటలో ఉన్నాయి. ప్రాసిక్యూటర్లు కోరినదానికంటే బాగా తగ్గించి, న్యాయమూర్తి ఏడాది జైలుశిక్ష విధించాడు.

అమెరికన్ న్యాయస్థానాలకు ర్యాప్ పాటలు కొత్త కాదు. అయితే వాటిని సాధారణంగా తెచ్చేది ప్రాసిక్యూషన్ వారు. పాటలోని నేరవర్ణనను రాసినవాడి మీదే సాక్ష్యంగా వాడిన కేసులు ఎన్నో ఉన్నాయి. ఈ ధోరణిని అదుపు చేయడానికి కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. డీఎమ్ఎక్స్ కేసులో అదే ఆయుధాన్ని ప్రతివాది పక్షం ఎత్తుకుంది. ఒకరు శిక్ష పెంచడానికి, ఇంకొకరు తగ్గించడానికి వాడినా, రెండు పక్షాల నమ్మకమూ ఒకటే: ర్యాప్ పాట అంటే గాయకుడి వాంగ్మూలం.

మామూలు శ్రోతల నమ్మకం కూడా దాదాపు ఇదే. కష్టాల బాల్యం, దాన్ని పాటగా మలచడం, పేరుప్రఖ్యాతులు, చివరికి విముక్తి: ర్యాపర్ల జీవితాలను మనం ఈ వరసలోనే చదవడానికి అలవాటుపడ్డాం. డీఎమ్ఎక్స్ జీవితం ఈ వరసకు లొంగదు. అతను ‘స్లిప్పిన్’లో లేచి నిలబడతానన్నాడు; నిలబడలేకపోయాడు. యాభయ్యేళ్ళకే, 2021 ఏప్రిల్ 9న మరణించాడు. మరి ఆ పాట అబద్ధమైనట్టేనా? ఈ ప్రశ్నకు జవాబు అతని జీవితచరిత్రలో కంటే అతని పాటల నిర్మాణంలో దొరుకుతుందని, ఆ పాటలు తన గురించి చెప్పుకోవడం కోసం కాక ఎవరో ఒకరిని పిలవడం కోసం పుట్టాయని ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను.

ఇల్లు, ఊరు

ఎర్ల్ సిమన్స్ 1970 డిసెంబర్ 18న న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌లో పుట్టాడు. తల్లికి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. తండ్రి వీధుల్లో నీటిరంగుల చిత్రాలు అమ్ముకునే చిత్రకారుడు. కొడుకు పెంపకంలో అతని పాత్ర లేదనే చెప్పాలి. పిల్లవాడికి ఉబ్బసం. రాత్రివేళ ఊపిరాడక మెలకువ వచ్చేది. కొంతకాలానికి కుటుంబం పక్కనే ఉన్న యాంకర్స్ నగరానికి మారి, స్కూల్ స్ట్రీట్‌లోని ప్రభుత్వ గృహసముదాయంలో చేరింది.

2002లో వెలువడిన ఆత్మకథలో, ఆ తర్వాతి ఇంటర్వ్యూలలో, అతను ఆ రోజుల గురించి చాలా చెప్పుకున్నాడు. తల్లి చీపురుకర్రతో కొడితే పళ్ళు ఊడిపోవడం, ఒక వేసవి అంతా గదిలోనే బందీగా గడపడం, ఇల్లు భరించలేక రాత్రుళ్ళు వీధుల్లో తిరుగుతూ ఊరకుక్కలతో చెలిమి చేయడం వాటిలో కొన్ని. పదేళ్ళ వయసులో బడి నుంచి వెళ్ళగొట్టారు. పిల్లల సంస్థకు పంపారు. ఇంకోసారి, చూసి వద్దామని తల్లి అలాంటి మరో సంస్థకు తీసుకువెళ్ళి అక్కడే వదిలేసి వచ్చిందని చెప్పేవాడు. పద్నాలుగేళ్ళప్పుడు, తనకు ర్యాప్ నేర్పి పెద్దన్నలా ఉన్న ఒక వ్యక్తి, క్రాక్ కొకైన్ కలిపిన గంజాయి చుట్టను ఆ సంగతి చెప్పకుండా చేతికిచ్చాడని 2020లో ఒక ఇంటర్వ్యూలో కన్నీళ్ళతో చెప్పాడు. జీవితమంతా వెంటాడిన వ్యసనానికి అదే మొదలు.

ఈ కథను ఇంతవరకే చెబితే దోషం మొత్తం ఒక తల్లి మీదికి పోతుంది. పేదల కథల్లో తరచు జరిగేది ఇదే. కనుక ఆమె బతికిన ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. యాంకర్స్ న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, బ్రాంక్స్‌ను ఆనుకుని ఉంటుంది. 1980లో ఫెడరల్ ప్రభుత్వం ఈ నగరం మీద దావా వేసింది. 1985లో న్యాయమూర్తి లెనార్డ్ శాండ్ ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: నగర పాలకులు దశాబ్దాల తరబడి ప్రభుత్వ గృహాలను నగరం నైరుతి మూలలోనే కడుతూ, నల్లజాతివారిని, లాటినోలను ఉద్దేశపూర్వకంగా అక్కడ కుదించారు, బడులలోనూ ఆ వివక్షే కొనసాగింది. మిగతా ప్రాంతాల్లో ఇళ్ళు కట్టమన్న ఆదేశాన్ని నగర మండలి పాటించకపోవడంతో 1988లో వంద డాలర్లతో మొదలై రోజురోజుకూ రెట్టింపయ్యే జరిమానా పడింది. పేదలకు రెండువందల ఇళ్ళు తమ పక్కన కట్టనివ్వడం కన్నా నగరం దివాళా తీయడమే నయమనుకున్న ప్రతినిధులకు బయట చప్పట్లు కొట్టినవారూ ఉన్నారు.

స్కూల్ స్ట్రీట్ ఆ నైరుతి మూలలోనే ఉంది. అంటే గదిలో బందీ అయిన పిల్లవాడి చుట్టూ ఉన్న పేట కూడా ఒక రకంగా తాళం వేసిన గదే. అక్కడివారి మొర నగరం వినలేదని ఒక న్యాయస్థానమే తేల్చింది. వినేవారు లేకపోవడం అతని ఒక్కడి దురదృష్టం కాదు.

డ్రమ్ మెషీన్ పేరు

డీఎమ్ఎక్స్ అన్నది మొదట ఒక యంత్రం పేరు. ఓబర్‌హైమ్ కంపెనీ తయారుచేసిన డ్రమ్ మెషీన్ అది. ఎనభైలలో హిప్-హాప్ సంగీతంలో విరివిగా వాడేవారు. సిమన్స్ మాటలు అల్లకముందు నోటితోనే డప్పు శబ్దాలు పలికించే బీట్‌బాక్సర్. వేరొకరు పాడుతుంటే వెనక లయ అందించేవాడు. అలా వచ్చిన పేరుకు తర్వాత ‘డార్క్ మ్యాన్ ఎక్స్’ అని అర్థం చెప్పుకున్నాడు. పైకి ఇది చిన్న విషయంలా కనబడుతుంది గాని, అతని శైలికి ఇదే తాళంచెవి. మాట కంటే ముందు శబ్దం, అర్థం కంటే ముందు ఊపిరి ఉన్నవాడు అతను. పాట మధ్యలో వినబడే మొరుగుళ్ళు, గుర్రులు, మూలుగులు అలంకారాలు కావు. అవి అతని మొదటి భాష.

గుర్తింపు అంత సులువుగా రాలేదు. 1991లో ‘ద సోర్స్’ పత్రిక, కంపెనీలతో ఒప్పందం లేని కొత్త గాయకులను పరిచయం చేసే శీర్షికలో అతని గురించి రాసింది. తర్వాత కొలంబియా సంస్థ అనుబంధ విభాగం నుంచి పాట వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో జైళ్ళు, దొంగతనాలు. ర్యాప్ పోటీల్లో మాత్రం అతనికి ఎదురు ఉండేది కాదు. 1997లో డెఫ్ జామ్ సంస్థ పెద్దలు అతని పాట వినడానికి యాంకర్స్‌లోని స్టూడియోకి వచ్చేనాటికి, ఎవరో కొట్టిన దెబ్బలకు దవడ విరిగి, తీగలతో బిగించి ఉంది. ఆ స్థితిలోనే, పళ్ళు విడివడకుండానే పాడాడు. ఒప్పందం కుదిరింది.

కాలం కూడా కలిసివచ్చింది. టుపాక్ షకూర్ 1996లో, నొటోరియస్ బి.ఐ.జి. 1997లో హత్యకు గురయ్యారు. ఆ తర్వాత రేడియోను ఏలినది పఫ్ డాడీ తరహా మెరుపుల దుస్తుల, విందువినోదాల సంగీతం. ఆ వెలుగులోకి 1998 మేలో ‘ఇట్స్ డార్క్ అండ్ హెల్ ఈజ్ హాట్’ వచ్చింది. మొదటి వారంలో రెండున్నర లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఏడు నెలల్లోనే, డిసెంబర్‌లో, ‘ఫ్లెష్ ఆఫ్ మై ఫ్లెష్, బ్లడ్ ఆఫ్ మై బ్లడ్’ వచ్చింది. ఈసారి మొదటి వారం అమ్మకాలు 6,70,000. రెండూ బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా ప్రథమస్థానంలో అడుగుపెట్టాయి. 2003 వరకు వచ్చిన మరో మూడు ఆల్బమ్‌లదీ అదే దారి. మొదటి అయిదు ఆల్బమ్‌లూ ఇలా ప్రథమస్థానంతో మొదలైన గాయకుడు అంతకుముందు లేడు.

నాలుగు సంబోధనలు

ఈ ఆల్బమ్‌లను వరసగా వింటే ఒక లక్షణం స్పష్టంగా కనిపిస్తుంది. ర్యాప్ ప్రధానంగా ఉత్తమపురుష కళ. ‘నేను’ అన్న మాట చుట్టూ తిరిగే గొప్పలు, గాథలు, సవాళ్ళు అందులో మెండు. డీఎమ్ఎక్స్ పాటలూ పైకి అలాగే ఉంటాయి. కానీ వాటిని నడిపే శక్తి మధ్యమపురుషది. ప్రతి పాటలోనూ ఎదురుగా ఒక ‘నువ్వు’ ఉంటుంది. ఆ ‘నువ్వు’ ఎవరన్నదాన్ని బట్టి గొంతు మారుతుంది.

మొదటిది గుంపు. ‘రఫ్ రైడర్స్ ఆంథమ్’ వంటి పాటలు ఈ కోవవి. పదాలు తక్కువ, పాదాలు పొట్టి, ప్రతి పాదం తర్వాత గుంపు బదులివ్వడానికి వీలుగా ఖాళీ. అప్పటికి ఇంకా కుర్రవాడైన స్విజ్ బీట్స్ కట్టిన ఈ బాణీని పాడడానికి డీఎమ్ఎక్స్ మొదట ఇష్టపడలేదట. తీరా అతని పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది ఆ పాటే అయింది. తన వారిని అతను కుక్కలని పిలుస్తాడు. హిప్-హాప్‌లో స్నేహితుణ్ణి అలా పిలవడం మామూలే. ఇతని విషయంలో మాత్రం ఆ పిలుపు వెనక స్కూల్ స్ట్రీట్ రాత్రులున్నాయి. మనిషి కంటే ముందు తన్ను నమ్మిన జీవి పేరును నమ్మిన మనిషికి బిరుదుగా ఇస్తున్నాడు.

రెండోది సైతాను. మొదటి ఆల్బమ్‌లోని ‘డేమియన్’లో ఒక కొత్త స్నేహితుడు ప్రత్యక్షమవుతాడు. ఏది కావాలంటే అది ఇస్తానంటాడు, ఇస్తాడు, చివరికి మూల్యంగా తన మిత్రుడినే చంపమంటాడు. 1976 నాటి ‘ద ఓమెన్’ సినిమాలోని పిల్లవాడి పేరు అది. ఈ సంభాషణ తర్వాతి ఆల్బమ్‌లలోనూ కొనసాగింది. రెండు గొంతులూ డీఎమ్ఎక్స్‌వే. సైతాను గొంతు అరవదు, బెదిరించదు. ముద్దుగా, లాలనగా ఉంటుంది. పసివాడికి మత్తు అందించిన చెయ్యి కూడా ప్రేమించిన చెయ్యే అన్న సంగతి తెలిసినవారికి ఈ పాటలో భయం ఎక్కడుందో విడమరచి చెప్పనక్కర లేదు.

మూడోది దేవుడు. ‘ద కాన్వో’లో గాయకుడు తన తప్పులు ఏకరువు పెట్టి, ఇంత బాధ ఎందుకు పెట్టావని నిలదీస్తాడు. దేవుడు జవాబిస్తాడు, ఆయుధం వదిలి కలం పట్టమంటాడు. ఇవికాక ప్రార్థనలు వేరుగా ఉన్నాయి. వాద్యం ఉండదు, తాళం ఉండదు. రెండు హింసాత్మక పాటల నడుమ ఒక్కసారిగా నిశ్శబ్దం, అందులో బొంగురు గొంతు ఒక్కటే. కచేరీలలోనూ ఇలాగే చేసేవాడు. వేలాదిమందిని కేకలు వేయించిన మనిషి హఠాత్తుగా తలవంచి, కన్నీళ్ళతో ప్రార్థన మొదలుపెట్టేవాడు.

నాలుగోది కుటుంబం. 2001 నాటి ‘ఐ మిస్ యూ’లో చనిపోయిన అమ్మమ్మతో మాట్లాడతాడు. మొత్తం రచనల్లో నిష్కల్మషంగా ప్రేమ పొందినట్టు వినిపించే చోటు అదొక్కటే. అక్కడ మొరుగు లేదు, పగ లేదు. ఆమె బతికి లేదు కనుక జవాబూ లేదు.

ఇవన్నీ కలిపి చూస్తే అతని పాటల్లో బాల్యం ఎక్కడుందో తెలుస్తుంది. దెబ్బల వర్ణన కోసం వెతికితే దొరికేది తక్కువే. గదిలో ఒంటరిగా ఉన్న పిల్లవాడు ఏం చేస్తాడు? రెండు గొంతులతో తానే మాట్లాడుకుంటాడు. లేని స్నేహితుణ్ణి కల్పించుకుంటాడు. తలుపు అవతల ఎవరైనా ఉన్నారేమోనని కేక వేస్తాడు. అతని గానంలో బాల్యం కథావస్తువుగా కంటే ఈ మాట్లాడే పద్ధతిలోనే ఎక్కువగా మిగిలింది. ఉబ్బసం వల్ల ఆ గొంతు వచ్చిందనో, చీకటి గది వల్ల ఆ సంభాషణలు పుట్టాయనో నిర్ధారించడం నా ఉద్దేశం కాదు. ఆ బాధలే పడి పాట రాయనివారు లక్షల్లో ఉన్నారు. బాధ శిల్పాన్ని ఇవ్వదు. శిల్పాన్ని అతను సాధన చేసి సంపాదించుకున్నాడు.

శతకం పక్కన పెట్టి చూస్తే

సంబోధన మీద నిలిచే కవిత్వం తెలుగు పాఠకులకు అపరిచితమేమీ కాదు. మన శతకంలో మకుటం చేసే పని అదే. కవి ఎక్కడెక్కడ తిరిగినా, ఏ ఊసులెత్తినా, పద్యం చివరికి ఆ పిలుపు దగ్గరకు తిరిగి రావలసిందే. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజుల మీద ఏవగింపు, తన ఇంద్రియలౌల్యం మీద రోత, శివుడి మీద చనువుతో కూడిన అలక ఒకే గొంతులో పెనవేసుకుని ఉంటాయి. తన పాపాలను అంత స్పష్టంగా చెప్పుకున్న ధూర్జటిని మనం పాపిగా చదవం, పరివర్తన చెందిన పుణ్యాత్ముడిగానూ చదవం. తర్వాతి జీవితం ఎలా గడిచిందన్న విచారణ లేకుండానే ఆ పద్యాలు మనకు నిజమనిపిస్తాయి.

కంచర్ల గోపన్న ఉదాహరణ ఇంకా దగ్గరిది. ఆయన మీది అభియోగం కూడా సర్కారు సొమ్ముకు సంబంధించినదే. గోల్కొండ చెరసాలలో రామదాసు పాడిన కీర్తనల్లో బతిమాలడం, ఎత్తిపొడవడం, చేయించిన నగలకు లెక్క అడగడం, మరుక్షణమే క్షమించమనడం అన్నీ ఉన్నాయి. పోలిక ఇంతవరకే సరి. గోపన్న గుడి కట్టాడు. సిమన్స్ తన పేరు మీద బ్యాంకు ఖాతా లేకుండా నగదుతో రోజులు గడిపి పన్ను తప్పించుకున్నాడు. ఇద్దరి నేరాలను కాదు, ఇద్దరి గొంతులను పక్కపక్కన పెడుతున్నాను. దైవంతో పోట్లాడే చనువు ఉన్న భక్తి పద్యం వినడానికి మన చెవులు తయారుగా ఉన్నాయి. ఆ చెవులతోనే డీఎమ్ఎక్స్‌ను వినవచ్చు.

జారుతున్నవాడి పాట

ఇప్పుడు కోర్టులో వినిపించిన పాట సంగతి. ‘స్లిప్పిన్’ బాణీకి ఆధారం గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ శాక్సోఫోన్ మీద వాయించిన ‘మూన్‌స్ట్రీమ్స్’. డీఎమ్ఎక్స్ పాటల్లో అరుదుగా వినిపించే మెత్తదనం ఇందులో ఉంది. మూడు చరణాలు. మొదటి రెంటిలో ఇల్లు, సంస్థలు, వీధి, మత్తు. మూడోదాంట్లో భార్యాబిడ్డల ముఖం చూసి మారాలన్న సంకల్పం. పల్లవి రెండు విరుద్ధమైన భావాల మధ్య ఊగుతుంది: లేవడం తన వల్ల కాదన్న నిస్సహాయత ఒకటి, లేచి తీరాలన్న పంతం ఇంకొకటి.

కథగా వింటే ఇది మూడో చరణంతో ముగిసిన విజయగాథ. చాలామంది అలాగే విన్నారు. కోర్టులో న్యాయవాది కూడా అలాగే వినమన్నాడు. పాట నిర్మాణం మాత్రం వేరే మాట చెబుతోంది. సంకల్పం చెప్పుకున్న మూడో చరణం తర్వాత కూడా మళ్ళీ అదే పల్లవి వస్తుంది. అంటే లేవలేనన్న మాట తిరిగి వస్తుంది. పాట పేరులోని క్రియ కూడా గమనించదగినది. అది భూతకాలం కాదు. జారిపడి లేచినవాడి జ్ఞాపకం కాదిది. జారుతూ ఉన్నవాడి మాట. తెలుగులో ‘జారిపడ్డాను’ అనడానికీ ‘జారిపోతున్నాను’ అనడానికీ ఉన్న తేడా ఇక్కడ కీలకం. మొదటిది సమాచారం. రెండోది చెయ్యి అందించమని అడగడం.

సమర్థించలేనివి

ఇంతగా మెచ్చుకున్నాక ఇతర పార్శ్వాన్ని దాటవేయడం సాధ్యం కాదు. ఈ ఆల్బమ్‌లలో స్త్రీల మీద అత్యాచారపు బెదిరింపులున్నాయి. స్వలింగ ప్రేమికుల మీద నీచమైన తిట్లున్నాయి. 2003లో వచ్చిన ఒక ప్రసిద్ధ గీతం మొదలవడమే వాటితో మొదలవుతుంది. రెండో ఆల్బమ్ ముఖచిత్రంలో ఒళ్ళంతా నెత్తురుతో తడిసిన గాయకుడు కనిపిస్తాడు. పాటల్లోనూ ఆ నెత్తురు ధారాళంగానే పారుతుంది. అతని బాల్యాన్ని అడ్డుపెట్టి వీటిని క్షమించమనడం కోర్టులో న్యాయవాది చేయగల పని. విమర్శకుడు చేయదగింది కాదు. తన నొప్పికి వినేవారు కావాలని తపించిన మనిషి, తాను నొప్పించే వారి వైపు చెవి ఒగ్గలేదు. అతని ‘నువ్వు’ల జాబితాలో స్త్రీ అరుదు. అమ్మమ్మను మినహాయిస్తే ఆమె మాట్లాడించదగిన మనిషిగా కాక, మాట్లాడే వస్తువుగానే మిగిలింది. సంబోధన మీద కట్టిన కళకు ఇది పైపై మచ్చ కాదు, పునాదిలోని లోపం.

రెండో లోపం కళాపరమైనది. మూడో ఆల్బమ్ తర్వాత గొంతు తన్ను తానే అనుకరించుకోసాగింది. మొరుగు సంతకమైంది. అప్పటికే సినిమాలు కూడా వచ్చిపడ్డాయి: ‘బెల్లీ’ 1998లో, ‘రోమియో మస్ట్ డై’ 2000లో, ‘ఎగ్జిట్ వూండ్స్’ 2001లో, ‘క్రేడిల్ టు ద గ్రేవ్’ 2003లో. కష్టాన్ని సరుకుగా అమ్మే మార్కెట్టుకు కొత్త రూపాలు అక్కర్లేదు. పాత గాయమే మళ్ళీ మళ్ళీ చూపిస్తే చాలు.

దొరికిన శ్రోతలు

వినేవారి కోసం వెతికినవాడికి చివరికి ఎలాంటి శ్రోతలు దొరికారు? 1999 జులైలో వుడ్‌స్టాక్ ఉత్సవంలో అతని ఎదుట లక్షలమంది ఉన్నారు. అత్యధికులు తెల్లజాతి యువకులు. నల్లవారిని అవమానించడానికి పుట్టి, నల్లవారే తమలో తాము ఆత్మీయంగా మార్చుకున్న ఒక పదం చుట్టూ అతని పాట ఒకటి ఉంది. అతను పిలుపునిస్తే జనం బదులిచ్చే తీరులో సాగే పాట అది. ఆ గుంపు ఆ పదాన్ని ముక్తకంఠంతో అరిచింది. 2021లో వచ్చిన హెచ్‌బీఓ డాక్యుమెంటరీలో ఆ దృశ్యం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. స్కూల్ స్ట్రీట్ మిత్రుల కోసం కట్టిన బదులు పలుకు పూర్తిగా వేరే గొంతుల్లోకి వెళ్ళిపోయింది. కళ్ళముందు జనసముద్రం ఉంది. పిలిచినది వీళ్ళనేనా అన్న సందేహం శ్రోతకే కలుగుతుంది.

తర్వాతి కాలంలో ఆ దూరం ఇంకా పెరిగింది. 2003 నాటి ‘ఎక్స్ గాన్ గివ్ ఇట్ టు యా’ 2016లో ‘డెడ్‌పూల్’ సినిమా ద్వారా కొత్త తరానికి చేరింది, హాస్యంగా. అదే ఏడాది ఫిబ్రవరిలో అతను యాంకర్స్‌లో ఒక హోటల్ ఆవరణలో స్పృహ లేకుండా పడి ఉంటే పోలీసులు గుండెను నొక్కి, ఊపిరి పోశారు. వ్యాయామశాలల్లో, కార్లలో, ఆఫీసుకు వెళ్ళే రైళ్ళలో ఆ పాట హుషారు కోసం వింటున్న లక్షలమందిలో మనలాంటి వలస ఉద్యోగులు, మన పిల్లలు కూడా ఉన్నారు. హుషారు కోసం వినడం తప్పు కాదు. అయితే ఒకడి ఆక్రందన ఇంకొకడికి ఉత్సాహపానీయంగా ఎలా మారుతుందో గమనించడం కనీస మర్యాద.

పాట అబద్ధమైందా?

2003 తర్వాతి జీవితం క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. అరెస్టులు, జైళ్ళు, 2013లో దివాళా, వ్యసనం నుంచి బయటపడే ప్రయత్నాలు, మళ్ళీ పడిపోవడాలు. 2019 జనవరిలో పన్ను కేసు శిక్ష ముగించుకుని విడుదలయ్యాడు. 2020 జులైలో స్నూప్ డాగ్‌తో కలిసి ‘వర్జజ్’ అనే ప్రత్యక్ష ప్రసారంలో పాల్గొన్నప్పుడు పాత వైభవం మళ్ళీ కనిపించింది. 2021 ఏప్రిల్ 2న గుండెపోటు వచ్చింది. వారం రోజుల తర్వాత వైట్ ప్లెయిన్స్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. గుండెపోటుకు కారణం కొకైన్ అని వైద్య పరీక్షకులు తేల్చారు. పద్నాలుగేళ్ళ వయసులో మొదలైనది యాభయ్యవ ఏట ముగిసింది.

‘స్లిప్పిన్’ను వాంగ్మూలంగా తీసుకుంటే ఈ మరణం దాన్ని కొట్టివేస్తుంది. మారతానని మాట ఇచ్చాడు, మారలేదు. విజయగాథగా తీసుకున్నా అంతే. ప్రార్థనగా తీసుకుంటే మాత్రం లెక్క మారుతుంది. ప్రార్థన ఫలించలేదని చెప్పవచ్చు గాని, అబద్ధమని ఎవరూ అనలేరు. అడిగిన క్షణంలో అడిగినవాడికి ఆ అవసరం ఉండడమే దాని సత్యం. ఆ క్షణం రికార్డులో భద్రంగా ఉంది. అతను ఆ పాటను తర్వాతి ఇరవై రెండేళ్ళూ పాడుతూనే ఉన్నాడంటే, ఆ అవసరం తీరలేదని అర్థం.

బాల్యం ఛిన్నాభిన్నమైన కళాకారుల నుంచి మనం ఎప్పుడూ ఒక ముగింపు ఆశిస్తాం. కష్టాలు దాటి బాగుపడితే మనకు తృప్తి. అప్పుడు ఆ కష్టాలకు కారణమైన ఇంటిని, పేటను, నగరాన్ని తలచుకోవలసిన పని ఉండదు. బాగుపడకపోతే, పాపం, చేతులారా చేసుకున్నాడని సరిపెట్టుకుంటాం. డీఎమ్ఎక్స్ ఈ రెండు సౌకర్యాలనూ మనకు మిగల్చడు. నైరుతి యాంకర్స్‌ను కట్టినవారికీ, పసివాడి చేతికి మత్తు ఇచ్చినవారికీ, తన కొడుకును తాను భరించలేకపోయిన పంతొమ్మిదేళ్ళ తల్లికీ, ఆ తల్లిని ఆదుకోని వ్యవస్థకూ, తాను చేసిన తప్పులకూ మధ్య బాధ్యతను పంచే పని శ్రోత మీదే వదిలేస్తాడు.

ఈ గాయకుణ్ణి కొత్తగా వినాలనుకునేవారికి ఒక సూచన. ప్రఖ్యాతమైన పాటలతో మొదలుపెట్టకుండా, మొదటి ఆల్బమ్‌లోని ‘డేమియన్’ను, ‘ద కాన్వో’ను, వాద్యం లేని ప్రార్థనను ఒకదాని వెంట ఒకటి వినడం మేలు. భాష ముతకగా ఉంటుంది. పిల్లలతో కలిసి వింటున్నవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. మూడింటిలోనూ గొంతులు ఎన్ని ఉన్నా మనిషి ఒక్కడే. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి డప్పు ఆగిపోతుంది. మాటకూ మాటకూ మధ్య అతను ఊపిరి తీసుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది.